తూటాలో మందు: కొలతా, తూకమా?

కళ్లంలో ధాన్యాన్ని కుంచంతో కొలుస్తారు. కంసాలి బంగారాన్ని త్రాసులో తూస్తాడు. ఈ రెండు పద్ధతులలో ఏది మేలని ఎవరూ వాదించుకోరు. వడ్లు గుప్పెడు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు; బంగారంలో గురిగింజ ఎత్తు తేడా వస్తే ఊరుకునేవారుండరు. కాని కొలవవలసిన వస్తువు వడ్లలాగా జలజల రాలేదీ, బంగారంలాగా రవంతైనా లెక్కకు వచ్చేదీ అయినప్పుడు కుంచమా, త్రాసా అన్న ప్రశ్న నిజంగానే పుడుతుంది. తుపాకిమందు అట్టి వస్తువు.

తూటా అనగా నాలుగు వస్తువుల కూర్పు: ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున రంజకపు బిళ్ల, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. తుపాకి పేలిన తరువాత మిగిలేది ఇత్తడి గొట్టం ఒక్కటే. నాలుగింటిలోను ఖరీదైనదీ అదే. అమెరికాలో గురిపందెములు ఆడేవారు అనేకులు ఈ గొట్టాలను పారవేయక, శుభ్రపరచి, కొత్త రంజకమూ మందూ గుండూ అమర్చి మరల వాడుకుంటారు. అక్కడ ఇది ఇంటి వెనుక గదిలో బల్ల వేసుకొని చేసే పని. మన దేశంలో అట్లు కాదు. 1959 నాటి ఆయుధముల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అయినా ఆ బల్ల మీద ఉండే పరికరాలలో పనిచేసే భౌతికశాస్త్రం కళాశాల ప్రయోగశాలలోని త్రాసులో పనిచేసేదే కనుక, ఆ పరికరాలను ఎట్లు ఎన్నుకుంటారో తెలుసుకొనుట నిష్ప్రయోజనం కాదు.

పూర్వపు తుపాకిమందు సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరినది. ఇంగ్లీషువారు దానిని నల్లని మందు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. తెలుగులో ఆ పేరును ఉన్నదున్నట్లు దించుకుంటే అభిని అనే అర్థం వస్తుంది కనుక పాతమందు అనుకోవడం క్షేమం. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే శాస్త్రజ్ఞుడు నైట్రోసెల్యులోజుతో పొగ లేని మందును తయారుచేశాడు. ఈనాటి తూటాలలో ఉండేది ఈ జాతి మందే. మందు మండే వేగం చుట్టూ ఉన్న పీడనంతో పాటు పెరుగుతుందనే సూత్రం కూడా వియే పేరనే ప్రసిద్ధం. చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. మూసిన గొట్టంలో మందు అంటుకోగానే వాయువులు పుట్టి పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగినందువలన మందు ఇంకా వేగంగా మండుతుంది. అందువలన పీడనం మరింత పెరుగుతుంది. కాబట్టి మందు నూటికి పదిపాళ్లు హెచ్చితే పీడనం పదిపాళ్లు మాత్రమే హెచ్చి ఊరుకోదు, అంతకంటె ఎక్కువ హెచ్చుతుంది. తుపాకి గొట్టం ఎంత పీడనానికి ఓర్చుకుంటుందో దానికొక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటితే గాయపడేవాడు తుపాకి ముందున్నవాడు కాదు, పట్టుకున్నవాడు.

ఈ మందును కొలిచే ప్రమాణం పేరు గ్రెయిన్. ఒకప్పుడు యవధాన్యపు గింజ ఎత్తు నుంచి వచ్చినది. 1959లో ఇంగ్లీషు మాట్లాడే దేశాలు కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం ఒక పౌను 0.45359237 కిలోగ్రాములు. పౌనులో 7000 గ్రెయిన్లు కనుక ఒక గ్రెయిన్ సుమారు 64.8 మిల్లీగ్రాములు. ఇది మనకు కొత్తదేమీ కాదు. బ్రిటిషువారి కాలంలో స్థిరపరచిన తులం 180 గ్రెయిన్లు, తులానికి 96 గురిగింజలు; అనగా గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతి నెలకొన్నాక మన దేశంలో గ్రెయిన్ మూలబడినది గాని, తూటాల విషయంలో మాత్రం అమెరికాలో ఈనాటికీ అదే చెల్లుబాటు.

తూటాలు నింపేవారు సాధారణంగా 0.1 గ్రెయిన్ వరకు తూస్తారు. ఇది సుమారు ఆరున్నర మిల్లీగ్రాములు. ఒక బియ్యపుగింజను మూడు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఎత్తన్నమాట. పెద్ద రైఫిల్ తూటాలో 40 గ్రెయిన్ల మందు ఉన్నదనుకుంటే ఈ తేడా నూటికి పావుపాలు మాత్రమే. చిన్న పిస్తోలు తూటాలో 4 గ్రెయిన్లే ఉన్నవనుకుంటే అదే తేడా నూటికి రెండున్నర పాళ్లు. త్రాసు ఒకటే, పొరపాటు ఒకటే. కాని దాని ఫలితం పదింతలు. పరికరాన్ని కొనదలచినవాడు మొదట చూడవలసినది దాని మీద అచ్చువేసిన అంకె కాదు, తాను తూచబోయే మందు ఎంత అన్నది.

ఇక పరికరాల సంగతి. అన్నిటికంటె చవుకైనది చెంచా. ఇంత ఘనపరిమాణం అని గుర్తు వేసిన చిన్న గరిటెతో మందు ముంచి, పైన అట్టముక్కతో చదును చేస్తారు. దాని తరువాతది పిడి ఉన్న కొలపాత్ర. నిలువు గొట్టంలో మందు పోస్తారు. దాని అడుగున అడ్డంగా తిరిగే లోహపు స్తూపం ఉంటుంది. స్తూపంలో ఒక గుంట, ఆ గుంట లోతును మార్చడానికి ఒక మర ఉంటవి. పిడిని ఒకవైపు తిప్పితే గుంట పైకి వచ్చి మందుతో నిండుతుంది, రెండవవైపు తిప్పితే కిందికి తిరిగి మందు ఇత్తడి గొట్టంలోకి రాలుతుంది. ఒక్కొక్కదానికి రెండు మూడు క్షణాలు చాలు.

ఇది యంత్రమైనా స్వభావం కుంచానిదే. కుంచాన్ని ఒకసారి నేలకు తట్టితే వడ్లు కుదించుకొని ఇంకొక చారెడు పట్టడం పల్లెటూళ్లలో ఎరుగనివారు లేరు. ఒకే సైజు గోళీలను పాత్రలో ఊరకే పోస్తే పాత్రలో నూటికి సుమారు 60 పాళ్లు గోళీలు, మిగిలినది గాలి. కుదిపితే గోళీలు 64 పాళ్ల వరకు నిండుతవి. పాత్ర మారలేదు, ఘనపరిమాణం మారలేదు; బరువు మాత్రం నూటికి ఆరేడు పాళ్లు పెరిగినది. పిడిని ఒకసారి మెల్లగా, ఒకసారి దడాలున తిప్పేవాని కొలపాత్రలో జరిగేదీ ఇదే. పై గొట్టంలో మందు నిండుగా ఉన్నప్పుడు అడుగు పొర మీద పడే ఒత్తిడి వేరు, సగానికి దిగినప్పుడు వేరు. ఆ ఒత్తిడి మారకుండా గొట్టం లోపల చిల్లులున్న వాలురేకును అడ్డంగా పెడతారు. ఆ రేకు లేని కొలపాత్రను కొనకపోవడమే మంచిది.

మందుగింజ ఆకారం కూడా చూడాలి. గుండ్రని పూసలవంటి మందు నీరులాగా పారుతుంది. ఏ కొలపాత్రలోనైనా ఇంచుమించు సమంగా కొలుస్తుంది. పలుచని బిళ్లలవంటిదీ ఫరవాలేదు. సేమియా ముక్కలవంటి పొడుగుపాటి గింజలతోనే తంటా. అవి అడ్డదిడ్డంగా పడి మధ్య ఖాళీలు వదులుతవి. స్తూపం తిరిగేటప్పుడు అంచున చిక్కిన గింజలు తెగుతవి. పిడి పట్టుకున్న చేతికి కరకరమని తెలుస్తుంది. అట్లు తెలిసినప్పుడల్లా ఆ కొలత మీద అనుమానపడి మందును తిరిగి పోసుకోవాలి. గింజలు ఒకదానికొకటి అంటకుండా జారడానికీ, స్థిరవిద్యుత్తు చేరకుండడానికీ తయారుచేసేవారు వాటికి గ్రాఫైటు పూత పూస్తారు. అయినా పొడిగాలి వీచే శీతకాలంలో ప్లాస్టిక్ గరాటుకు గింజలు అంటుకొని కూర్చుంటవి. ముందరి తూటాకు రావలసిన గింజలు తరువాతి తూటాలో పడతవి.

కొలిచినది ఎంతో తెలియాలంటే తూచక తప్పదు. తూచడానికి పాతకాలపు సాధనం తులాదండం. దీనిలో ఒకవైపు చిన్న పళ్లెం, రెండవవైపు దండం మీద జరిగే బరువులు ఉంటవి. దండం ఉక్కు కత్తి అంచు మీద ఆని ఉంటుంది. ఆ అంచు కింద అరగకుండా ఉండడానికి అకీకు రాయి అమర్చిన త్రాసులు మేలైనవి. అంచు మొద్దుబారినా, రాయి మీద దుమ్ము పడినా దండం ఒకేచోట రెండుసార్లు నిలవదు. పళ్లెం తీసి పెట్టి, తీసి పెట్టి పదిసార్లు చూడడమే దానికి పరీక్ష.

దండం ఊగుతూ ఉంటే కూర్చొని చూడడం విసుగు. దానిని ఆపడానికి కొనకు ఒక రాగిరేకు తగిలించి, ఆ రేకును అయస్కాంతపు ధ్రువాల మధ్య ఊగనిస్తారు. రాగి అయస్కాంతానికి అంటుకోదు గదా, మరి ఎట్లు ఆగుతుంది? రేకు కదిలినంతసేపూ దానిలో సుడి ప్రవాహాలు పుట్టి కదలికను ఎదిరిస్తవి. రేకు నిలిచినప్పుడు ప్రవాహం ఉండదు, ఎదిరింపూ ఉండదు. కనుక ఈ ఏర్పాటు ఊగును తగ్గిస్తుందే గాని తూకాన్ని మార్చదు. రాపిడి పెట్టి ఆపితే తూకం చెడుతుంది. అయస్కాంతంతో ఆపితే చెడదు. ఇంత చక్కని ఉపాయం ఇంత చవుకగా దొరకడం అరుదు.

ఎలక్ట్రానిక్ త్రాసులలో రెండు జాతులు ఉన్నవి. బయటికి రెండూ ఒకేరీతిగా అంకెలు చూపడం వలన కొనేవారు మోసపోతుంటారు. చవుకరకం త్రాసులో పళ్లెం కింద ఒక లోహపు కడ్డీ ఉంటుంది. బరువుకు కడ్డీ రవంత వంగుతుంది. దానికి అతికించిన సన్నని లోహపు పట్టీలు సాగడం వలన వాటి విద్యున్నిరోధం మారుతుంది. ఆ మార్పును వీట్‌స్టన్ బ్రిడ్జి పట్టి ఇస్తుంది. ఈ పట్టీలను 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనేవారు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టారు. ఉష్ణోగ్రత మారినా నిరోధం మారుతుంది. అందువల్ల త్రాసును పనికి ముందు అరగంట వెలిగించి ఉంచాలి. పంకా గాలీ, పక్కన పెట్టిన సెల్‌ఫోనూ దీనికి గిట్టవు.

ఈ త్రాసులో ఇంకొక గూఢమైన లోపం ఉన్నది. సున్నా అంకె మెల్లమెల్లగా పక్కకు జరగకుండా చాలా త్రాసులలో ఒక ఏర్పాటు చేస్తారు. అతి స్వల్పమైన, నెమ్మదైన మార్పు కనబడితే త్రాసు దానిని వేడివలన వచ్చిన దోషంగా ఎంచి సరిచేసుకుంటుంది. మందును చివరికి ఒక్కొక్క గింజగా రాల్చేవాడు చేసేది సరిగా అట్టి స్వల్పమైన, నెమ్మదైన మార్పే. గింజలు పడుతూనే ఉంటవి, అంకె కదలదు. అతడు ఇంకా పోస్తాడు. పళ్లెం ఒకసారి ఎత్తి మరల పెడితే గాని అసలు తూకం బయటపడదు.

రెండవ జాతి త్రాసులో కడ్డీ వంగనే వంగదు. పళ్లెం కింద ఒక తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో వేలాడుతుంది. పళ్లెం వెంట్రుకవాసి దిగితే ఒక కాంతికిరణం దానిని కనిపెట్టి, పళ్లెం మొదటిచోటికి వచ్చేవరకు చుట్టలో విద్యుత్తును పెంచుతుంది. ఆ విద్యుత్తే బరువుకు కొలమానం. ఇది ఒక్క గింజను కూడా వెంటనే చూపుతుంది. ధర మాత్రం చవుకరకానికి ఎన్నో రెట్లు.

ఇంత సూక్ష్మత అవసరమా? గుండు సెకనుకు 900 మీటర్ల వేగంతో పోతున్నదనీ, గాలి ఎదిరింపు లేదనీ అనుకుంటే 100 మీటర్ల దూరంలో అది భూమ్యాకర్షణ వలన ఆరు సెంటీమీటర్లు దిగుతుంది. వేగంలో నూటికి ఒకపాలు తేడా వస్తే దిగుడులో వచ్చే తేడా 1.2 మిల్లీమీటర్లు. అదే 900 మీటర్ల దూరమైతే దిగుడు 4.9 మీటర్లు, తేడా దాదాపు 10 సెంటీమీటర్లు. గాలి ఉన్నచోట ఇంకా ఎక్కువ. అమెరికాలో 100, 200 గజాల పందెములు ఆడే నిపుణులు పలువురు కొలపాత్రతోనే నింపడానికీ, వెయ్యి గజాల పందెమువారు ప్రతి తూటాకు తూచి నింపడానికీ కారణం ఇదే. వీరిలో ఎవరూ పొరపడలేదు.

నడిమి మార్గం కూడా ఉన్నది. కొలపాత్రతో కావలసినదానికి కొంచెం తక్కువగా రాల్చి, పళ్లెంలో పెట్టి, మిగిలినదానిని చిల్లు ఉన్న చిన్న గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూ గింజ గింజగా పోస్తారు. ఏ మార్గమైనా మొదట కొనవలసినది నమ్మకమైన పడికట్టు రాళ్లు. త్రాసు పది మార్లు ఒకే అంకె చూపినంత మాత్రాన ఆ అంకె నిజమని కాదు. పది మార్లూ ఒకే అబద్ధం చెప్పవచ్చు. 4 గ్రెయిన్లు తూచేవాడు 4 గ్రెయిన్లకు దగ్గరి రాయితోనే పరీక్షించాలి, 100 గ్రెయిన్ల రాయితో కాదు. రాయిని చేత్తో ముట్టరాదు. వేలి జిడ్డుకు కూడా బరువు ఉన్నది.

కొలపాత్రను పరీక్షించేటప్పుడు పది కొలతలను ఒకచోట పోసి తూచి పదితో భాగిస్తారు. సగటు బాగా తెలుస్తుంది. కాని ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు అయితే ఆ సగటులో అవి దాగిపోతవి. తుపాకిలో పేలేది సగటు కాదు. విడివిడిగా కూడా తూచి చూడాలి.

పాతమందు వాడే తుపాకులవారు నేటికీ ఘనపరిమాణంతోనే కొలుస్తారు. దానికి బదులుగా వచ్చిన కొత్త మందులు కొన్ని అదే ఘనపరిమాణానికి తక్కువ బరువు తూగుతవి. పాతమందు తూకాన్నే వీటికీ తూచి పోసినవాడు ఎక్కువ మందు పోసినట్లు. పాతమందుకు నిప్పురవ్వ పుట్టని లోహంతో చేసిన వేరే కొలపాత్ర కావాలి. పొగలేని మందు పాత్రలో దానిని పోయరాదు.

ఏ త్రాసుకూ అందని పొరపాటు మరొకటి ఉన్నది. .38 స్పెషల్ అనే రివాల్వరు తూటా 1898లో పాతమందు కోసం ఏర్పడినది. పాతమందు చాలా కావలసి ఉండేది కనుక గొట్టం పొడుగు. అందులో ఇప్పుడు పోసే పొగలేని మందు గొట్టం అడుగున కొద్దిపాటి చోటే ఆక్రమిస్తుంది. పరధ్యానంలో ఒకే గొట్టంలో రెండుసార్లు పోసినా పొర్లిపోదు. రెండు కొలతలూ 0.1 గ్రెయిన్ వరకు సరిగానే ఉంటవి. అసలే పోయకుండా మూసిన తూటా కూడా తక్కువది కాదు: రంజకపు ఊపుకే గుండు జరిగి తుపాకి గొట్టం నడుమ ఇరుక్కుంటుంది. తెలియక రెండవది కాలిస్తే గొట్టం పగులుతుంది. అందుకని యాభై గొట్టాలు నిలబెట్టే చిల్లుల చెక్క వాడతారు. గుండ్లు బిగించకముందే దీపం పట్టి ప్రతి గొట్టంలోకీ వంగి చూస్తారు. అన్నిటిలోను మందు ఒకే ఎత్తున కనపడాలి. ఆ చెక్క వెల ఎలక్ట్రానిక్ త్రాసు వెల కంటె ఎంతో తక్కువ.

పని ముగిశాక కొలపాత్రలో మిగిలిన మందును అదే రోజున దాని సొంత డబ్బాలో తిరిగి పోస్తారు. మరునాటికి అది ఏ మందో గుర్తుండదు. చూపుకు ఒకటిగా ఉండే రెండు మందులు మండే వేగంలో ఎంతో తేడాగా ఉండవచ్చు. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బా కంటె ఎక్కువ ఉంచరు.