ఛార్జి అవుతున్న బ్యాటరీకి థర్మామీటరు

బిడ్డకు జ్వరం వచ్చిందేమోనని తల్లి నుదుటిమీద చేయి వేసి చూస్తుంది. బ్యాటరీని ఛార్జి చేసేటప్పుడు కూడ ఎవరో ఒకరు అలా చేయి వేసి చూస్తూ ఉండాలి. ఆ పని చేసేది గింజంత ఉండే థర్మిస్టర్. వేడి పెరిగిన కొలది దీని విద్యుత్ నిరోధం తగ్గిపోతుంది. సాధారణంగా వాడే రకానికి 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 10,000 ఓములు నిరోధం ఉంటే, 50 డిగ్రీల వద్ద అందులో సగంకూడ ఉండదు. ఈ తేడాను బట్టి ఛార్జరు బ్యాటరీ ఎంత వేడిగా ఉన్నదో తెలుసుకుంటుంది.

1899లో స్వీడన్ దేశస్థుడు వాల్డెమార్ యుంగ్నర్ కనిపెట్టిన నికెల్-కాడ్మియం ఘటాన్ని తీసుకుందాం. ఛార్జి ఎక్కుతున్నంతసేపు మనం పంపే విద్యుచ్ఛక్తిలో అధికభాగం రసాయనిక శక్తిగా మారి లోపల నిలువ ఉంటుంది. అందుచేత ఘటం అంతగా వేడెక్కదు. నిండిన తరువాత కూడ విద్యుత్తును పంపుతూనే ఉంటే ఏమవుతుంది? నిండిన కుండనుంచి నీరు పొర్లిపోయినట్లు అది పొర్లిపోదు కదా! ధన ధ్రువం వద్ద ఆక్సిజన్ పుట్టుతుంది. మూసి ఉన్న ఘటంలో అది ఋణ ధ్రువాన్ని చేరి కాడ్మియంతో కలుస్తుంది. ఇక పంపిన శక్తి అంతా వేడిగానే బయటపడుతుంది. అంటే ఘటం గబగబ వేడెక్కడమే అది నిండినదనడానికి గుర్తు. నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటంలోనూ ఇంతే. కాకపోతే అది మొదటినుంచి కొంచెం వెచ్చబడుతుంది.

అయితే ఎన్ని డిగ్రీల వద్ద ఆపాలి? 45 అని గీత గీశామనుకోండి. మే నెలలో గది వేడి 42 డిగ్రీలుంటే ఘటం సగమైనా నిండకముందే ఛార్జి ఆగిపోవచ్చును. చలికాలంలో గది 15 డిగ్రీలుంటే ఘటం నిండి, ఇంకా చాలాసేపు ఉడికితేగాని 45 రాదు. కనుక మంచి ఛార్జర్లు వేడిని కాక, వేడి పెరిగే వేగాన్ని చూస్తాయి. గంటలో నింపే వేగంతో ఛార్జి చేస్తున్నప్పుడు నిమిషానికి సుమారు 1 డిగ్రీ పెరిగితే ఘటం నిండినట్లే.

లిథియం-అయాన్ ఘటం స్వభావం వేరు. అది నిండినదీ లేనిదీ వోల్టేజి చెబుతుంది; ఎక్కువ రకాలకు హద్దు 4.2 వోల్టులు. ఇక్కడ థర్మిస్టర్ చెప్పేది ఛార్జి చేయవచ్చునా, కూడదా అన్నది మాత్రమే. సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే అనుమతి. గడ్డకట్టే చలిలో లిథియం అయాన్లు గ్రాఫైటు లోపలికి దూరలేక, దాని పైననే లోహంగా పేరుకొంటాయి. ఆ లోహం మధ్యనున్న పలుచని పొరను చీల్చితే లోపలనే షార్టు సర్క్యూటు. లంబసింగి వంటి చోట్ల తప్ప మనవారికి ఈ భయం అంతగా లేదు. మనకున్న చిక్కంతా వేడితోనే. ఘటం 100 డిగ్రీల ప్రాంతానికి చేరితే లోపలి పదార్థాలు విడిపోతూ తామే వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి చర్యలను మరింత త్వరపెడుతుంది. ఆ దశలో ప్లగ్గు పీకినా ఆగదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాదులోను ఇంట్లో ఛార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ డిసెంబరు నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీల భద్రతా నియమాలను ప్రభుత్వం దశలవారీగా కట్టుదిట్టం చేసింది.

థర్మిస్టర్‌కు తాను తాకి ఉన్న చోటు మాత్రమే తెలుస్తుంది. పదుల కొద్దీ ఘటాలున్న పెట్టెలో నడిమి ఘటం కాలిపోతున్నా, అంచున అతికించిన థర్మిస్టర్‌కు ఆలస్యంగా తెలియవచ్చును. అంతకంటె ప్రమాదమైన పని మరొకటి ఉంది. పాడైన థర్మిస్టర్‌కు బదులు మామూలు 10,000 ఓముల నిరోధాన్ని అతికిస్తే ఛార్జరు మోసపోతుంది. లోపల నిప్పు రాజుకుంటున్నా 25 డిగ్రీలేనని నమ్ముతుంది!

ఎండలో తిరిగివచ్చిన స్కూటరును వెంటనే ఛార్జికి పెడితే ఒక్కొక్కప్పుడు ఛార్జి ఎక్కదు. ఛార్జరు చెడిపోయిందనుకొని వేరొకటి తగిలించనక్కరలేదు. బండిని నీడలో ఉంచి, బ్యాటరీ చల్లారిన తరువాత మళ్ళీ పెడితే సరిపోతుంది.