నీలోఫర్ ఆసుపత్రి: పసిబిడ్డ వైద్యంలో తల్లి చోటు

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి తెలంగాణలో పిల్లల వైద్యానికి ప్రభుత్వ రంగంలో పెద్దదిక్కు. ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా నడిచే బోధనాసుపత్రి, అంటే రోగులకు వైద్యం చేస్తూనే వైద్య విద్యార్థులకు పాఠం చెప్పే చోటు కావడం వల్ల, ఎందరో పిల్లల వైద్యులు ఇక్కడి వార్డులలోనే ఆరితేరారు. జిల్లా ఆసుపత్రులలో కుదుటపడని పసివాళ్లను చివరకు ఇక్కడికే పంపుతారు గనుక, ఊళ్లలో ‘నీలోఫర్‌కు రాశారు’ అన్న మాట వినబడితే బిడ్డ పరిస్థితి బాగాలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఆసుపత్రికి పేరిచ్చిన నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ రాజవంశంలో పుట్టి, 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొఅజ్జం జాను వివాహమాడి హైదరాబాదు కోడలైంది. తన పరిచారిక రఫతున్నిసా ప్రసవ సమయంలో మరణించడంతో, ఇలాంటి చావు మరొకరికి రాకూడదని ఆమె మామగారిని కోరగా ఆసుపత్రి నిర్మాణానికి బీజం పడిందని హైదరాబాదు చరిత్రలో స్థిరపడిన కథనం. 1953లో ఆసుపత్రి ప్రారంభమయ్యే నాటికి నిజాం పాలన ముగిసింది, ఆమె వివాహబంధమూ తెగిపోయింది. సంతానం కలగని ఆ రాకుమారి 1989లో పారిస్‌లో కన్నుమూసింది. తురుష్క నామంగా వినిపించే ‘నీలోఫర్’ పారశీకం మీదుగా వెళ్లిన మన ‘నీలోత్పలం’ కావడం వల్ల, ఆ మాట పరాయి నేల తిరిగి పుట్టింటికే వచ్చినట్లయింది.

ఒక తల్లి మరణం నుంచి పుట్టిన సంస్థ గనుక ఇక్కడ మొదటినుంచీ స్త్రీల వైద్యమూ పిల్లల వైద్యమూ కలిసే ఉన్నాయి. అయితే ప్రసవం అయ్యాక తల్లికి దక్కిన చోటు మాత్రం వేరే సంగతి. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం ప్రపంచమంతటా ఆసుపత్రులు, అంటువ్యాధి సోకుతుందన్న భయంతో, బలహీనంగా పుట్టిన బిడ్డను తల్లినుంచి వేరుచేసి అద్దాల గదిలో ఉంచి, ఆమెను నిర్ణీత వేళలలో వచ్చి చూసిపోయే బంధువుల లెక్కలో జమకట్టాయి. పిల్లల ఆసుపత్రి ఎదుగుదలను పడకల లెక్కతో, కొత్త భవనాలతో కొలవడం వాడుక. దానికన్నా తల్లి ఆ గదికి ఎంత దగ్గరగా జరిగిందన్నదే సరైన కొలత.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఏమి లోటో తెలిస్తే తల్లి దగ్గరకు జరగడం ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. చర్మం కింద కొవ్వు చాలకపోవడంతో ఒంట్లో వేడి నిలవదు, అందుకే ఇంక్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో ఉంచుతారు. గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర చాలకపోవడంతో ఊపిరి కష్టమవుతుంది. చప్పరించడం, మింగడం, శ్వాసించడం అనే మూడు పనులను జత కలిపే నేర్పు సుమారు 34 వారాల గర్భం నిండితేగాని రాదు కాబట్టి అంతవరకు సన్నని గొట్టంతో పాలు పట్టాలి. పచ్చకామెర్లు ముదిరితే, రక్తంలో చేరిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని ఒంటినుంచి బయటికి పోయే రూపంలోకి మార్చడానికి నీలికాంతి కింద పడుకోబెట్టాలి. బంధువులు ‘లైటు కింద పెట్టారు’, ‘బాక్సులో పెట్టారు’ అని చెప్పుకొనేది వీటి గురించే.

వేడి విషయంలో యంత్రం చేసే పనిని తల్లి ఒళ్లు చేయగలదని తేలింది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే వైద్యుడు మొదలుపెట్టిన కంగారూ పద్ధతిలో, డైపరు, టోపీ తప్ప మరేమీ లేని బిడ్డను తల్లి రొమ్ముల నడుమ నిలువుగా ఆనించి గుడ్డతో కడతారు. బిడ్డ తల ఒక పక్కకు తిరిగి, కాళ్లు కప్పకాళ్లలా మడిచి ఉంటాయి. తల్లి వెనక్కి వాలి గంటల తరబడి అలాగే కూర్చుంటుంది, ఆమె అలసినప్పుడు అమ్మమ్మో తండ్రో ఆ చోటు తీసుకుంటారు. పేదరికం నేర్పిన ఈ ఉపాయం సంపన్న దేశాలకూ పాఠమైంది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాలలో జరిగి 2021లో వెలువడిన పరిశీలనలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న శిశువులకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు తొలి 28 రోజుల మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. అందుకోసం ఆ ఆసుపత్రులు ఇంటెన్సివ్ కేర్ గదిలోనే తల్లులకు పడకలు వేశాయి.

తల్లికి పాలు పడనప్పుడో, ఆమె తానే మరో ఆసుపత్రిలో ఉన్నప్పుడో బిడ్డకు పాలెక్కడివన్నది తర్వాతి ప్రశ్న. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో వెలిసింది. నీలోఫర్‌లో అలాంటిది 2017లో ‘ధాత్రి’ పేరుతో ఏర్పడింది. ‘దాది’ అన్న మాటకు తల్లివేరు ఈ పదమే గనుక అంతకన్నా తగిన పేరు దొరకడం కష్టం. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి వంటివి లేవని రక్తపరీక్షలో తేలిన బాలింతలు, తమ బిడ్డలకు పోను మిగిలిన పాలు దానం చేస్తారు. వాటిని 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేసి, వెంటనే చల్లార్చి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన గడ్డకట్టించి నిలవ చేసి, సూక్ష్మజీవుల పరీక్షలో నెగ్గాకే వాడడం పాల బ్యాంకుల పద్ధతి. కిలో బరువు బిడ్డకు తొలిరోజుల్లో ఒక్క విడతకు కావలసింది కొద్ది మిల్లీలీటర్లే కాబట్టి ఒక తల్లి ఇచ్చిన చిన్న సీసా చాలామంది బిడ్డలకు సరిపోతుంది.

పసిగుడ్లే కాక న్యుమోనియా, డెంగీ, మూర్ఛ, పుట్టుకతో వచ్చే లోపాలు, శస్త్రచికిత్స అవసరమైన జబ్బులు ఉన్న పిల్లలూ నీలోఫర్‌కు వస్తారు. 2011లో కేంద్రం తెచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం అనారోగ్యంతో ఉన్న నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితం చేసింది. అయినా బిడ్డ వెంట వచ్చిన నలుగురి తిండి, కూలి పోయిన రోజులు ఆ పథకం లెక్కలోకి రావు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల వరండాలలో దుప్పట్లు పరచుకున్న కుటుంబాలు కనిపించేది అందుకే.

బరువు పెరిగి, తల్లి దగ్గర పాలు తాగడం మొదలుపెట్టాక బిడ్డను ఇంటికి పంపుతారు. కాని 34 వారాలకు ముందు గాని రెండు కిలోల లోపు బరువుతో గాని పుట్టిన బిడ్డకు కంటి వెనుక రెటీనా పొరలో రక్తనాళాలు వంకరగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, 30 రోజులలోపు కంటి పరీక్ష చేయించాలి. సకాలంలో పట్టుకుంటే లేజరుతో చూపు దక్కుతుంది. డిశ్చార్జి చీటీ మీద ఆ తేదీ రాసి ఉంటుంది. బిడ్డ బాగానే పాలు తాగుతూ కళ్లు తిప్పి చూస్తున్నప్పుడు, మళ్లీ బస్సెక్కి రెడ్‌హిల్స్ దాకా రావడం ఎందుకో ఆ చీటీ దాచుకున్న తల్లికి ఎవరైనా కూర్చుని విడమరచి చెప్పి ఉండాలి.