సందేశం సెల్లుకు చేరింది... తల్లికి చేరలేదు!

సూర్యాపేట: ఉదయం పదకొండు గంటలు. అంగన్‌వాడీ వాట్సాప్ గ్రూపులో చిన్న వీడియో వస్తుంది. రెండు రకాల ఆకులు తెచ్చి పాపచేత వేరు చేయించమని అందులో సలహా. ఆ సెల్లు ఉన్నది తండ్రి జేబులో. తండ్రి ఉన్నది మిర్యాలగూడ రైసు మిల్లులో, బస్తాల మోతలో. తల్లి సాగర్ ఎడమ కాలువ కింద మడిలో నాట్లు వేస్తోంది. పాప అమ్మమ్మ దగ్గరుంది. ఆమె చేతిలో ఫోనే లేదు.

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. కోదాడ, మిర్యాలగూడ ఆయకట్టు గ్రామాల్లోనూ, సూర్యాపేట చుట్టుపక్కల పల్లెల్లోనూ నాట్లు, కలుపు, పత్తి ఏరే రోజుల్లో చాలా కూలి ఇళ్లలో జరిగేది ఇదే. రాత్రి తండ్రి ఇల్లు చేరేసరికి ఆ వీడియో మీద పాతిక 'గుడ్ మార్నింగ్' బొమ్మలు పడి ఉంటాయి. పాప అప్పటికే నిద్రపోయి ఉంటుంది. పది రోజులు ఇలా గడిస్తే ఆ గ్రూపు తెరిచి చూసేవారే ఉండరు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని అనేవాళ్లున్నారు కానీ, ఆ మాట సబబు కాదు.

ఫోను ద్వారా తల్లులకు సలహాలు చెప్పే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 2013లో బీహారులో మొదలైన 'కిల్కారీ'ని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 నుంచి ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. గర్భిణికి నాలుగో నెల నుంచి, బిడ్డకు ఏడాది నిండే దాకా వారానికొకటి చొప్పున 72 ఫోన్లు. అంతా మాటల్లోనే చెబుతారు గనుక చదువు రానివారికీ అర్థమవుతుంది. అయితే అక్కడా అదే చిక్కు. రిజిస్టరులో రాసిన నంబరు చాలాసార్లు భర్తది. తెలంగాణ సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఇంటర్నెట్టు ఎప్పుడైనా వాడినవారు నూటికి 27 మంది లోపే. పల్లెల్లో ఇంకా తక్కువ. ఆ తర్వాత సెల్లులు పెరిగిన మాట నిజమే. ఎవరి చేతిలో పెరిగాయన్నదే ప్రశ్న.

పాత సంగతి ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. మొదట్లో ఊరంతా పెట్టె ముందు కూర్చుంది. కొత్త తీరాక జనం పలచబడ్డారు. అదే ఏడాది అక్టోబరు 2న మరో పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. అదే ఐసీడీఎస్. టీవీ ప్రయోగం ఏడాదితో ముగిసింది, అంగన్‌వాడీ మాత్రం ఊరూరా నిలిచింది. కారణం వెతకనక్కరలేదు. అక్కడ పేరు పెట్టి పిలిచే మనిషి ఉంది.

ఈ మాటకు సాక్ష్యం ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో దొరికింది. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు అక్కడ సుమారు 4,500 కుటుంబాలతో ఓ పరీక్ష చేశారు. కొందరికి వారం వారం లెక్కలు మెసేజీగా పంపి ఊరుకున్నారు. మరికొందరికి మెసేజీతో పాటు వారానికోసారి ఫోను చేసి తల్లిదండ్రులతో, పిల్లలతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఉత్త మెసేజీలతో పెద్దగా ఒరిగింది లేదు. ఫోను చేసి మాట్లాడిన ఇళ్ల పిల్లలకు లెక్కలు బాగా పట్టుబడ్డాయి. మన రాష్ట్రంలోనూ 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు చెప్పినప్పుడు, ఎవరు చూస్తున్నారో, ఎవరు చూడటం లేదో తెలుసుకునేందుకు చివరికి ఉపాధ్యాయులే ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది.

చెప్పవలసిన విషయానికి కొదవేమీ లేదు. మూడేళ్ల లోపు పిల్లల కోసం కేంద్రం 2024లో తెచ్చిన 'నవచేతన'లోనే ఇంట్లో, అంగన్‌వాడీలో చేయించదగ్గ పనులు 140 ఉన్నాయి. అవన్నీ ఇంటి దాకా చేరేదెలా? వీడియో పంపే వేళ రాత్రి ఎనిమిదికి మారిస్తే కొంత మేలు. డేటా ప్యాకు అయిపోయిన ఇంటికి వీడియో కన్నా రెండు నిమిషాల మామూలు ఫోను నయం. తండ్రిని పేరు పెట్టి అడిగితే ఆయనా పాపతో కూర్చుంటాడు. నాట్ల కాలంలో బిడ్డను చూసేది అమ్మమ్మో నాయనమ్మో గనుక, చెప్పవలసింది ఆమెకే. దానికి సెల్లు కూడా అక్కరలేదు, పాపను కేంద్రంలో దింపడానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఒక్క మాట చాలు.

ఈ భారమంతా అంగన్‌వాడీ టీచరు మీదే వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పిల్లల తూకాలు, హాజరు, పోషణ్ ట్రాకర్‌లో నమోదులతోనే ఆమెకు పొద్దు గడిచిపోతోంది. పైగా ఎందరు వీడియో చూశారో లెక్క పంపమంటే ఆమె నీలి టిక్కులు లెక్కపెడుతుంది తప్ప, ఎవరి పాప ఆకులు వేరు చేసిందో ఎవరికీ తెలియదు. ఆ లెక్కలు కొన్ని తగ్గించి, వారానికి ఓ పది ఇళ్లకు ఫోను చేసి మాట్లాడే వెసులుబాటు ఆమెకు ఇవ్వడం అధికారుల చేతిలోని పని. అంతకు ముందు రిజిస్టరులోని నంబర్లను వానాకాలం నాట్లు మొదలయ్యేలోగా ఓసారి సరిచూడాలి. ఏది తల్లిది, ఏది తండ్రిది, ఏది ఎప్పుడో మారిపోయింది అన్నది ముందు తేలాలి.