వేటపక్షికి ఒక బలహీనత కావాలి

గ్రహాంతర పక్షిని ఊహించమంటే చాలామంది ముందు బొమ్మ గీస్తారు. మూడు కళ్లు, రంపం లాంటి ముక్కు, రెక్కల చివర గోళ్లు. రోల్ ప్లేయింగ్ ఆటలో అలాంటి పక్షి మొదటిసారి ఎదురైతే ఆడేవాళ్లు ఉలిక్కిపడతారు. రెండోసారికి ఎన్ని దెబ్బలకు చస్తుందో లెక్కేసుకుంటారు. అది ఎలా వేటాడుతుందో, ఏ పని చేయలేదో తెలిస్తేనే దానికి ప్రాణం వస్తుందని నా నమ్మకం.

ఈ ఆటలు తెలియనివాళ్లకు ఒక్క మాట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, తామేం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం సందేహంగా ఉన్నచోట పాచికలు తేలుస్తాయి. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ పద్ధతి వ్యాపించింది. 1978లో వచ్చిన ‘గామా వరల్డ్’ వంటివి సైన్సునూ మాయనూ కలిపేశాయి. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో గ్యారీ గైగాక్స్ గొడ్డలిముక్కు పక్షి ఒకదాన్ని పెట్టాడు. ఎగరలేదు, మాంసం తింటుంది, పరుగెత్తి వేటాడుతుంది. ఇలాంటి పక్షులు నిజంగానే బతికాయి.

వాటిని టెర్రర్ బర్డ్స్ అంటారు. కోట్ల ఏళ్లపాటు దక్షిణ అమెరికా మైదానాల్లో పెద్ద వేటజంతువుల్లో అవీ ఉన్నాయి. 1887లో అర్జెంటీనా శాస్త్రవేత్త ఫ్లోరెంతినో అమెగినో వాటిలో ఒకదాని దవడ ముక్క చూసి, పళ్లులేని క్షీరదం అనుకున్నాడు. అంత బరువైన దవడ పక్షిదని ఎవరికి తడుతుంది! పటగోనియాలో దొరికి 2007లో కెలెంకెన్ అని పేరుపడ్డ పక్షి పుర్రె పొడవు 71 సెంటీమీటర్లు. ఇంతవరకు తెలిసిన పక్షి పుర్రెల్లో అంత పెద్దది లేదు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం దానికంటే చిన్నది, ఆండల్గలోర్నిస్. బరువు సుమారు 40 కిలోలు, తల 37 సెంటీమీటర్లు. 2010లో ఆ పుర్రెను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో దాని మీద రకరకాల ఒత్తిళ్లు పెట్టి చూశారు. మామూలు పక్షుల పుర్రెలో ఎముకల మధ్య కాస్త కదలిక ఉంటుంది. దీనికి ఆ చోట్లు గట్టిగా అతుక్కుపోయాయి. అందుకే పైనుంచి కిందికి పొడిస్తే ముక్కు ఎంత దెబ్బైనా ఓర్చుకుంటుంది. పక్కకు గుంజితే మాత్రం విరిగే ప్రమాదం ఉంది. కొరుకుడు బలం కూడా ఆ ఒంటికి తగ్గంత లేదు. కాబట్టి పెనుగులాడే ఎరను నోట కరిచి ఊపడం దాని వల్ల కాదు. దగ్గరికొచ్చి, ఒక్క పోటు పొడిచి, వెనక్కి దూకి, మళ్లీ అదను చూసుకుని ఉంటుందని పరిశోధకులు ఊహించారు.

ఆటకు కావలసినదంతా ఇందులోనే ఉంది. పక్షి ఒకసారి పొడిచి పొదల్లోకి జారుకుంటుంది. అది ఎందుకు పట్టి ఉంచలేదని ఆడేవాళ్లలో ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది. ముక్కుకు తాడు తగిలించి పక్కకు లాగుదామని ఇంకొకరు అంటారు. కథ నడిపేవారు రహస్యం చెప్పనక్కర్లేదు, పక్షి నడతే చెప్పేస్తుంది.

ఇప్పుడు దీన్ని వేరే గ్రహం మీదికి తీసుకెళదాం. శనిగ్రహపు చందమామ టైటాన్ మీద గాలి మన గాలి కంటే సుమారు నాలుగు రెట్లు చిక్కన, ఆకర్షణ మాత్రం మన దాంట్లో ఏడో వంతు. అలాంటి చోట బరువు అడ్డు కాదు. ఇక్కడ కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడు గడ్డిభూములను ఏ పక్షి కోసం అభయారణ్యం చేశారో, ఆ బట్టమేక పిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అదే చాలా పెద్ద బరువు. చిక్కటి గాలిలో 40 కిలోల ఆండల్గలోర్నిస్‌కు రెక్కలిచ్చినా సులువుగా లేస్తుంది. అయితే ఆ గాలే దాని వేగానికి అడ్డుపడుతుంది. మన డేగలా పైనుంచి రాయిలా పడలేదు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా తేలుతూ రావాలి. వెలుతురు తక్కువైన లోకమైతే చెవులతో వేటాడనివ్వండి. చావుపిట్ట అని మనవాళ్లు భయపడే తెల్లగుడ్లగూబకు రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. శబ్దం రెండింటికీ చేరడంలో ఉండే ఆ తేడాతోనే అది చిమ్మచీకట్లో ఎలుక ఎక్కడుందో పోల్చుకుంటుంది. అప్పుడు ఆడేవాళ్లు కత్తి దూయడం కంటే ఊపిరి బిగబట్టడం మీదే ఎక్కువ ఆలోచిస్తారు.

చిన్న ఎర దొరికితే ఏం చేస్తుందన్నదానికి జవాబు బతికే ఉంది. టెర్రర్ బర్డ్స్‌కు దగ్గరి చుట్టమైన సీరియెమా నేటికీ దక్షిణ అమెరికాలో తిరుగుతోంది. బల్లినో పామునో ముక్కుతో పట్టి, తల పైకెత్తి, నేలకేసి కొడుతుంది. చచ్చేదాకా అలా కొట్టి మింగేస్తుంది. మన పక్షి కూడా చిన్న పాత్రను, అంటే తూకం తక్కువున్న దొంగనో మాంత్రికుణ్ణో, అలాగే పట్టవచ్చు. బరువైన యోధుణ్ణి పట్టదు, పొడిచి పోతుంది. ఎవరి మీద పడాలో పాచిక వేసి తేల్చే అవసరం అప్పుడుండదు.

పిల్లల సంగతి కూడా ఆలోచించాలి. పక్షి పుర్రెలో ఎముకలు వయసుతోపాటు అతుక్కుంటాయి. మన గ్రహాంతర పక్షి పిల్లలకు ఆ అతుకు ఇంకా పడలేదనుకోండి. పెద్దదాని ముక్కు పక్కకు విరవడం నేర్చుకున్న ఆటగాడు, గూటి దగ్గర పిల్లపక్షి మీద అదే ఉపాయం వేస్తాడు. ఆ ముక్కు వంగుతుంది గానీ విరగదు, పట్టు కూడా వదలదు.