చక్రం చూపు ఎటు?

కారుకు ముందు టైర్లు కొత్తవి వేయించి ఏడాది తిరగలేదు, లోపలి అంచులు గుండైపోయాయి. నిలబడి చూస్తే టైరు నిక్షేపంగా ఉంది. వంగి లోపలికి చెయ్యి పెడితే ఇనుప తీగ తగిలింది. ఈలోపు మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. మూడుసార్లూ యంత్రం ఇచ్చిన కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, అంకెలన్నీ పచ్చరంగులో. నాలుగోసారి వేరే మేస్త్రీ దగ్గరికి వెళితే ఆయన యంత్రం వంక చూడనే లేదు. జాకీ వేసి చక్రం లేపి, గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట రెండు చేతులా పట్టుకుని కుదిపాడు. టక్కుటక్కుమంది.

“టై రాడ్ ఎండు పోయింది సార్, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీలు. ఇది మార్చకుండా అలైన్‌మెంట్ చేస్తే నీళ్ల మీద రాసినట్టే.”

ఇంతకీ ఆ యంత్రానికి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అని నేను ఆరా తీయడం అక్కణ్ణుంచి మొదలైంది.

అలైన్‌మెంట్ కథ కారు కంటే పాతది. వెనకటి గుర్రపు బండ్లలో ముందు ఇరుసు మొత్తం నడిమి మేకు మీద తిరిగేది. మలుపు గట్టిగా తిప్పితే బండి బోల్తా కొట్టేది. ఇరుసును కదలనివ్వకుండా చక్రాలను మాత్రమే తిప్పాలన్న ఆలోచన 1750ల చివర్లో ఇంగ్లండులో ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యుడికి వచ్చింది. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌కు ఈయన తాతగారు. రోగుల ఇళ్ల చుట్టూ బండిలో తిరగడమే ఆయన జీవితం. 1768లో బండిలోంచి పడి మోకాలి చిప్ప విరగ్గొట్టుకున్నాడు కూడా. తర్వాత మ్యూనిక్‌లో బండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్ అదే పద్ధతిని తయారుచేస్తే, 1818లో లండన్‌లో ఉన్న ఆయన ఏజెంటు రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. ఆకర్‌మన్ అసలు వ్యాపారం బొమ్మలు అచ్చువేసి అమ్మడం. అయినా పేరు ఆయనకే దక్కింది. మన పాలిటెక్నిక్ కుర్రాళ్లు ఇవాళ్టికీ ఆకర్‌మన్ స్టీరింగ్ అనే చదువుతున్నారు.

మలుపు గండం తప్పింది గానీ కొత్త చిక్కు వచ్చిపడింది. ఒకే ఇరుసుకు గుచ్చిన రెండు చక్రాలు ఎప్పుడూ ఒకే వైపు చూస్తాయి. విడివిడిగా తిరిగే చక్రాలకు ఆ కట్టుబాటు లేదు. వాటి చూపు కలిసేలా ఎవరో ఒకరు సర్దుతూ ఉండాలి. అలైన్‌మెంట్ అనే పని పుట్టిందే అక్కడ.

ఆ చూపునే మెకానిక్కులు టో అంటారు. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడా అది. మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. టైరు వ్యాసం 600 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ మూడులో చెరి సగం పంచుకున్న ఒక్కో చక్రం కిలోమీటరుకు రెండున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. చేరేసరికి ఒక్కో టైరూ ఆరేడు వందల మీటర్లు రోడ్డును పక్కకి గీకి ఉంటుంది. నా టైర్లను తినేసింది ఇదే. ఊగులాడే టై రాడ్ ఎండు వల్ల చక్రం యంత్రం ముందు బుద్ధిగా నిలబడింది, రోడ్డెక్కగానే దాని ఇష్టం వచ్చిన వైపు చూసింది.

టోతో పాటు యంత్రం కొలిచేవి క్యాంబర్, క్యాస్టర్. క్యాంబర్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరగడం. క్యాస్టర్ అంటే చక్రం తిరిగే కీలు రేఖ వెనక్కి వాలి ఉండడం. సైకిలు ముందు ఫోర్కు వాలు చూస్తే ఇది ఇట్టే బోధపడుతుంది. వదిలేసిన స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడం దీని చలవే. 1896లోనే ఫ్రెంచివాడైన ఆర్థర్ క్రెబ్స్ దీన్ని పేటెంటు పత్రంలో రాసుకున్నాడు. 1884లో గాలినౌకను నడిపి, బయల్దేరిన చోటికే మళ్లీ తెచ్చి దించిన ఇద్దరిలో ఒకడాయన. దారి తప్పకుండా వెనక్కి రావడం ఆయనకు అలవాటే!

కొలవడం మాత్రం చాలాకాలం దారంతోనే సాగింది. తాపీమేస్త్రీ గోడకు దారం పట్టినట్టు కారుకు రెండు పక్కలా దారాలు లాగి, అక్కణ్ణుంచి రిమ్ము అంచులకు స్కేలు పెట్టి చూసేవారు. రేసు కార్ల మెకానిక్కులు ఇప్పటికీ అలా చేస్తారు, బాగానే చేస్తారు. తర్వాత చక్రానికి దీపం బిగించి, ఎదురుగా గీతలున్న పలక మీద వెలుగు ఎక్కడ పడుతుందో చూసే యంత్రాలు వచ్చాయి. ఆ రంగంలో పేరు మోసిన లీ హంటర్ మొదట్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థి. తన కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందని విసిగి 1936లో త్వరగా చార్జి చేసే పరికరం తయారుచేశాడు, 1946లో ఆయన పేరిట వెలిసిన కంపెనీయే తర్వాత అలైన్‌మెంట్ యంత్రాలకు పేరు పొందింది.

1990లలో కెమెరాలు వచ్చాయి. ఇప్పుడు ఆటోనగర్‌లో మనం చూసేవి ఎక్కువగా అవే. నాలుగు చక్రాలకూ చుక్కలున్న పలకలు బిగిస్తారు. గుండ్రటి పళ్లేన్ని పక్కనుంచి చూస్తే కోడిగుడ్డులా కనిపిస్తుంది కదా. కెమెరాలో చుక్క ఎంత నొక్కుకుపోయి కనిపించిందో దాన్ని బట్టి పలక ఎంత వాలిందో కంప్యూటరు లెక్కగడుతుంది. తర్వాత కారును కాస్త వెనక్కీ ముందుకీ దొర్లిస్తారు. చాలామంది ఇదేదో తంతు అనుకుంటారు. కిటుకంతా అందులోనే ఉంది. రిమ్ము కొంచెం సొట్టపోయి ఉన్నా, పలక వంకరగా బిగిసినా, చక్రం దొర్లినప్పుడు చుక్కలు తిరిగే దారిని బట్టి అసలు ఇరుసు ఎటుందో యంత్రం పట్టుకుంటుంది. దొర్లించకుండానే రీడింగ్ తీసే కుర్రాడు చక్రాన్ని కాదు, రిమ్ము సొట్టను కొలుస్తున్నాడన్నమాట.

మోసం చేయాలంటే యంత్రాన్ని చెడగొట్టనక్కర్లేదు. జాబితాలో మన కారు బదులు మరో మోడల్ నొక్కితే చాలు, ఎర్ర అంకె పచ్చబడుతుంది. ముందు చక్రాల కింద తేలిగ్గా జరగాల్సిన టర్న్ ప్లేట్లు దుమ్ముపట్టి బిగుసుకుపోయినా, టైర్లలో గాలి హెచ్చుతగ్గులుగా ఉన్నా అంకెలకు అర్థం లేదు. క్యాంబర్ సరిచేశామని వేరే డబ్బు అడిగితే “ఏ బోల్టు తిప్పావన్నా?” అని అడగడం నేర్చుకున్నాను. చాలా చిన్న కార్లలో క్యాంబర్‌కు సర్దే బోల్టే ఉండదు. అది తప్పిందంటే ఏదో వంగి ఉండాలి, అరిగి ఉండాలి. నా మటుకు నాకు కెమెరాలు ఎన్ని ఉన్నాయన్నది రెండో ప్రశ్న. ముందు జాకీ వేశాడా, పని మొదలెట్టక ముందరి అంకెలు కూడా అచ్చువేసి ఇచ్చాడా అన్నదే చూస్తాను.

మా మేస్త్రీ టై రాడ్ ఎండు మార్చి, స్టీరింగ్‌ను తిన్నగా నిలిపి బిగించి, అప్పుడు టో సరిచేశాడు. కాగితంలో ‘ముందు’, ‘తర్వాత’ రెండు వరసలూ ఉన్నాయి. రెండో వరసలో వెనక ఎడమ చక్రం క్యాంబర్ దగ్గర ఒక అంకె ఇంకా ఎర్రగానే ఉంది. అడిగాను.

“నాలుగు నిమిషాలు తేడా సార్. డిగ్రీకి అరవై నిమిషాలు. వెనక ఇరుసుకి తిప్పడానికి బోల్టు లేదు. టైరు సమంగానే అరుగుతోంది, చూశాను. వచ్చేసారి మళ్లీ చూద్దాం.”

పచ్చ కాగితాలు మూడూ పారేశాను. ఆ ఎర్ర అంకె ఉన్నది డాష్‌బోర్డు అరలో ఉంది.