డెత్ రైల్వే ఇంజన్లు: అపోహలు – వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. డెత్ రైల్వే అంటే అదే. అక్కడ నడిచిన సీ56 ఆవిరి ఇంజన్ల గురించీ, ఆ పట్టాలు వేసినవాళ్ల గురించీ తప్పుడు నమ్మకాలు చాలానే ఉన్నాయి.

అపోహ: సీ56 యుద్ధం కోసమే తయారైన ఇంజను.

వాస్తవం: కాదు. 1935–39 మధ్య జపాన్‌లో పల్లె బ్రాంచి లైన్ల కోసం చేసిన తేలికపాటి ఇంజను ఇది. వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు చూడండి, రెండు పక్కలా పైభాగం కోసేసినట్టు సన్నగా ఉంటుంది. చిన్న స్టేషన్లలో ఇంజనును తిప్పే టర్న్‌టేబుల్ ఉండేది కాదు. తిరుగు ప్రయాణమంతా వెనక్కే నడపాలి. అప్పుడు డ్రైవరుకు దారి కనపడాలనే ఆ కోత. వీటిలో 1 నుంచి 90 దాకా నంబర్లున్నవాటిని సైన్యం ఓడలెక్కించింది.

అపోహ: ఓడ దించగానే పట్టాలెక్కాయి.

వాస్తవం: జపాన్ గేజి 1,067 మిల్లీమీటర్లు, థాయ్‌లాండ్, బర్మాలది మీటరు గేజి. చక్రాల మధ్య దూరం తగ్గించాకే అవి కదిలాయి.

అపోహ: యుద్ధం అయ్యాక అన్నీ తుక్కు కిందికి పోయాయి.

వాస్తవం: 46 ఇంజన్లు థాయ్ రైల్వేలో చేరి ఏళ్ల తరబడి పనిచేశాయి. 44వ నంబరుది 1979లో జపాన్ చేరి, మళ్లీ పాత గేజికి మారి, ఓయిగావా రైల్వేలో పర్యాటకుల రైలు లాగింది.

అపోహ: ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’లో పేలిపోయేది ఈ లైను మీది అసలు వంతెనే.

వాస్తవం: 1957 నాటి ఆ సినిమా తీసింది శ్రీలంకలో. కాంచనబురి దగ్గరి అసలు ఉక్కు వంతెన బాంబు దాడుల్లో దెబ్బతిన్నా, మరమ్మతు చేశాక నేటికీ దాని మీద రైళ్లు నడుస్తున్నాయి.

అపోహ: ఈ లైను వేసింది తెల్ల సైనిక ఖైదీలే.

వాస్తవం: అన్నిటికన్నా అన్యాయమైన అపోహ ఇది. ఖైదీలు 60 వేలకు పైగా ఉన్నారు, 12 వేలమందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖం చిన్నదేమీ కాదు. కానీ ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలమంది. బర్మా, జావాల వాళ్లతోపాటు మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, తెలుగువాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఖైదీల్లో సైనిక వైద్యులుండేవారు, చనిపోయినవాళ్ల పేర్లు రాసుకునే అధికారులుండేవారు. కూలీలకు ఆ ఆసరా లేదు. 1943 వానల్లో కలరా సోకితే శిబిరాలకు శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు 90 వేలదాకా ఉంటారని అంచనా. పేర్లు రాసినవాళ్లు లేరు కాబట్టి అంతకుమించి కచ్చితమైన లెక్క దొరకదు.