ఏ గుమ్మం దగ్గరది?



పొరుగువారి ప్రస్తావన రాగానే మనం మంచితనాన్ని గురించి మాట్లాడతాం. దివ్య ఖుర్ఆన్ మాత్రం ఆ విషయాన్ని హక్కుల వరుసలో నిలిపింది. నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ ఆరాధన, తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల తర్వాత వెంటనే పొరుగువారే వస్తారు. ఆ పొరుగువారిలోనూ దగ్గరివాడు, పరాయివాడు, పక్కనుండే సహచరుడు అని తేడాలు చూపి మరీ చెప్పడం జరిగింది. పరాయి పొరుగువాడంటే అన్యమతస్థుడు కూడానని కొందరు వ్యాఖ్యాతలు వివరించారు.

ఇద్దరు పొరుగువారున్నప్పుడు కానుక ముందుగా ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) అడిగారు. ఎవరి గుమ్మం నీకు దగ్గరైతే వారికి అని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. బుఖారీలోని ఈ హదీసును మనం తేలికగా దాటిపోతుంటాం. మనకు నచ్చినవారికి అనలేదు. మన స్థోమతకు సరితూగేవారికి అనలేదు. మన జమాఅతువారికి అనీ అనలేదు. ప్రమాణం గుమ్మం ఒక్కటే. స్నేహితులను మనం ఎంచుకుంటాం, పక్కగుమ్మాన్ని ఎంచుకోలేం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) ఇంట గొర్రెను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని పదే పదే అడగడం ఈ బోధనను అర్థం చేసుకున్న తీరు.

మావూన్ సూరా చివర చిన్నపాటి వస్తువులను సైతం ఇవ్వ నిరాకరించేవారిని అల్లాహ్ గర్హించాడు. మావూన్ అంటే గొడ్డలి, వంటగిన్నె, బొక్కెన వంటివని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (ర) వివరించారు. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: చేబదులు. గిద్దెడు నూనె, గ్లాసెడు పంచదార, పెళ్ళింటికి పెద్ద డేగిసా, పాకకు నిచ్చెన. ఇప్పుడు అన్నీ అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి కనుక ఎవరూ ఎవరి తలుపూ తట్టడం లేదు. పోయింది ఉప్పూ పప్పూ కాదు. ఉప్పుకోసం వచ్చిన మనిషి ఉప్పుతో పాటు మన ఇంటి సంగతులూ పట్టుకుపోయేది. ముసలమ్మకు మూడు రోజులుగా జ్వరమని సాయంత్రానికి వీధంతా తెలిసేది. అందువల్ల ఇవ్వడంతోనే కాదు, అడగడంతో కూడా వీధి ఒకటవుతుంది. నిచ్చెన కొనే స్థోమత ఉన్నా ఒకసారి పక్కింటివారిని అడిగి చూడండి. రేపు వారు మనల్ని అడగడానికి మొహమాటపడరు.

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు, ఎన్నో కుటుంబాలు పై అంతస్తుల్లోనూ డాబాల మీదా తలదాచుకున్నాయి. అటువంటి వేళ ఏ గదిలో మంచంపట్టిన మనిషి ఉన్నాడో, ఏ ఇంట బాలింత ఉందో పడవవారికి చెప్పగలిగేది పొరుగువారే. ఆ ఎరుక వరద వచ్చిన రోజున పుట్టదు, ముందే ఉండాలి.

అయితే మేలు చేయడానికి ముందు కీడు మానాలి. నమాజులు, ఉపవాసాలు, దానధర్మాలు మెండుగా ఉన్నా నోటితో పొరుగువారిని బాధించే ఒక స్త్రీ గురించి విన్న దైవప్రవక్త (స), ఆమెది నరకమార్గమేనని హెచ్చరించారు. మునిసిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగించి చివరి ఇళ్ళకు నీరందకుండా లాగేయడం ఈ కోవలోకే వస్తుంది. బక్రీద్ రోజున వ్యర్థాలను కాలువలో పడవేయడమూ అంతే. ఇక జుమా పూట మసీదు వీధిలో పరుల గేటుకు అడ్డంగా బండి నిలిపి, ఖుత్బాలో పొరుగువారి హక్కులను వినడం గురించి వేరే చెప్పనక్కరలేదు!

కూర వండితే కాస్త నీరు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని హజ్రత్ అబూజర్ (ర)కు దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఖర్చు ఒక గ్లాసు నీరు మాత్రమే. మన వీధుల్లో మాంసం ముట్టని ఇళ్ళు కూడా ఉంటాయి. అక్కడికి ఖర్జూరాలో, పండ్లో పంపడం ఉచితం. పుచ్చుకునేవారిని ఇబ్బందిపెట్టే కానుక కానుక కాదని మా అభిప్రాయం.

ఈ వారం అస్ర్ నమాజు తర్వాత ప్రతి వీధి నుండీ ఇద్దరు ముగ్గురు కలిసి తమ వీధి ఆ చివరి వరకు నడవాలని కోరుతున్నాము. ఒంటరిగా ఉంటున్న వృద్ధులు ఎవరు, వారి పిల్లల ఫోన్ నంబరు ఎవరి దగ్గర ఉంది, అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే ఎవరి ఆటో పలుకుతుంది – ఇంతవరకు తెలుసుకుంటే చాలు. మతాన్ని గురించిన చర్చకు, చందాలకు ఇది సమయం కాదు. గుమ్మం వద్ద నిలిచి మాట్లాడండి, లోనికి పిలిస్తేనే వెళ్ళండి. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే తిరిగి వచ్చేయడం మనకు నేర్పిన మర్యాద. మరొక రోజు మళ్ళీ వెళ్ళవచ్చు.